కాలేజియేట్లీ: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వ్యాఖ్యానాలకు కొదవలేని నేల ఇది. కాళిదాసు కావ్యాలకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన మల్లినాథసూరి మెదకు సీమ కొలిచెలమ వాడు. మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన తనకు తాను నియమం పెట్టుకున్నాడు. శబ్దానికి అర్థం, అర్థానికి ధ్వని, ధ్వనికి మళ్లీ వివరణ చెప్పుకుంటూ పోయే ఆ సంప్రదాయం ఇన్ని శతాబ్దాలు నడిచినా, అమెరికా ఆటగాళ్ల జీవిత పరిచయాల్లో తరచూ తగిలే ఒక క్రియావిశేషణానికి మాత్రం తెలుగులో టీక లేకపోయింది. ఆ పదం ‘కాలేజియేట్లీ’. ఆ లోటు తీర్చడానికి ప్రస్తుత వ్యాఖ్యాత నడుం కట్టాడు. మల్లినాథుడి నియమంలో మొదటి సగానికి కట్టుబడతానన్నాడు గాని, రెండో సగం గురించి మాట ఇవ్వలేదు.

మూలం

హీ ప్లేడ్ కాలేజియేట్లీ అట్ అలబామా.

సందర్భం

ఇది ఎవరి గురించైనా కావచ్చు. ప్రస్తుతానికి తెలుగు టెన్నిస్ ఆటగాడు మైనేని సాకేత్ గురించి అనుకుందాం. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో స్వర్ణం, సనమ్ సింగ్‌తో కలిసి పురుషుల డబుల్స్‌లో రజతం గెలిచినవాడు, 2017లో అర్జున అవార్డు అందుకున్నవాడు. అంతకు ముందు అమెరికాలో టస్కలూసా అనే ఊళ్లోని అలబామా విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు. పేరూ ఊరూ మారిస్తే ఇదే వాక్యం సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్‌కు సరిపోతుంది. ఆయన వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007లోనూ 2008లోనూ అమెరికా కాలేజీల సింగిల్స్ విజేత. గోల్ఫ్‌లో టైగర్ వుడ్స్‌కూ సరిపోతుంది. ఆయన స్టాన్‌ఫర్డ్‌లో రెండేళ్లు ఆడి, 1996లో చదువు వదిలి ప్రొఫెషనల్ అయ్యాడు.

ప్రతిపదార్థం

హీ = అతడు; ప్లేడ్ = ఆడెను; అట్ అలబామా = అలబామాలో; కాలేజియేట్లీ = కాలేజియేట్లీ.

పరీక్షల్లో ప్రతిపదార్థాలు రాసిన తెలుగు విద్యార్థులందరికీ ఈ ఒడుపు తెలుసు. అర్థం తట్టని పదానికి ఎదురుగా అదే పదం రాసి, చేతిరాత కాస్త గుండ్రంగా తిప్పి, పక్క పదం మీదికి దూకటం. వ్యాఖ్యాతకు ఆ వెసులుబాటు లేదు గనుక మళ్లీ వెనక్కి రావాలి.

‘కాలేజీగా’ అందామా? మన ‘గా’ ప్రత్యయం ‘అగు’ ధాతువు బిడ్డ. ‘కాలేజీగా ఆడెను’ అంటే తానే కాలేజీ అయి ఆడాడని వస్తుంది. అద్వైతులకు నచ్చవచ్చు, స్పోర్ట్స్ డెస్క్‌లో సబ్ ఎడిటర్ ఒప్పుకోడు. పోనీ ‘కాలేజీలో ఆడాడు’ అందామా? ఆ మాట చెవిన పడితే తెలుగు తండ్రి ముందుగా అడిగేది స్కోరు కాదు, కట్టిన ఫీజు ఏమైందని.

వ్యుత్పత్తి

‘కాలేజీ’ లాటిన్ ‘కొలీజియం’ నుంచి వచ్చింది. దానికి మూలం ‘కొలేగా’, అంటే మరొకరికి జతగా నియమితుడైనవాడు. ఆఫీసుల్లో ‘కొలీగ్’ అనేది అతడినే. రోమ్‌లో కొలీజియం అంటే చదువు చెప్పే చోటు కాదు. పూజారుల మండలి కొలీజియమే, శకునాలు చూసేవాళ్ల మండలీ కొలీజియమే, చేతిపనివాళ్ల సంఘాలూ కొలీజియాలే. సభ్యుడు చనిపోతే అంత్యక్రియల ఖర్చు పెట్టుకునే సంఘాలకు కూడా అదే పేరు. క్రీ.శ. 136 నాటి లానూవియం శాసనంలో అలాంటి ఒక సంఘం నిబంధనలు నిలిచివున్నాయి. చేరాలంటే 100 సెస్టెర్సులు, ఒక జాడీ మంచి వైన్ ఇచ్చుకోవాలి. అడ్మిషన్ ఫీజు మీద అదనంగా ఏదో ఒకటి వసూలు చేసే ఆచారం ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది.

తెలుగు భాషకు ‘కాలేజీ’తో తొలినాటి పరిచయం కూడా కాస్త తలకిందులుగానే జరిగింది. మద్రాసులో 1812లో మొదలైన ఫోర్ట్ సెయింట్ జార్జ్ కాలేజీలో తెలుగు పండితులు పనిచేశారు, చదువుకున్నది మాత్రం కంపెనీ కుర్ర దొరలు. సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసులో దిగి తెలుగు అక్షరాలు దిద్దింది ఆ కాలేజీలోనే.

‘కాలేజీ’ మీద ‘ఏట్’ చేరితే విశేషణం. ఇది తెలుగువాళ్లకు కొత్తది కాదు, కాలేజియేట్ ఎడ్యుకేషన్ కమిషనర్ ఆఫీసు చుట్టూ ఫైలు పట్టుకుని తిరిగిన లెక్చరర్లకు మరీ బాగా తెలుసు. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ అబ్బే అధికారిక నామంలోనూ ‘కాలేజియేట్ చర్చ్’ అనే ఉంటుంది. అక్కడ దాని అర్థం మతాచార్యుల మండలి నడిపే చర్చి అని. మెరియమ్ వెబ్‌స్టర్ వాళ్లు 1898 నుంచి నిఘంటువు అట్ట మీద ఈ విశేషణాన్ని వేసుకుంటున్నారు.

ఇక చివరనున్న ‘లీ’. దీన్ని తవ్వుకుంటూ పోతే పాత జర్మానిక్ భాషల్లో ‘దేహం’ అనే అర్థమున్న మాట బయటపడుతుంది. ఆ లెక్కన మూలవాక్యానికి ‘కాలేజీ దేహంతో ఆడెను’ అని అర్థం చెప్పుకోవచ్చు. వ్యాకరణం ఒప్పినా ఒప్పకపోయినా, కండబలం చూపించి కాలేజీ సీటు తెచ్చుకున్నవాడికి ఇంతకంటే సూటి వ్యుత్పత్తి దొరకదు.

పాఠాంతరం

కొన్ని ప్రతుల్లో ‘కొలీజియల్లీ’ అని కనిపిస్తుంది. అది అపపాఠం. ఆ మాటకు అర్థం సహోద్యోగుల మాదిరి, ఒకరి మాట ఒకరు వింటూ, సమష్టిగా అని. తెలుగు పత్రికల్లో కనిపించే సుప్రీంకోర్టు ‘కొలీజియం’ దాని బంధువు. న్యాయమూర్తుల నియామకాల మీద 1993లో, 1998లో వచ్చిన తీర్పులు ఆ వ్యవస్థకు రూపమిచ్చాయి. దాని స్థానంలో తెచ్చిన జాతీయ నియామకాల కమిషన్‌ను 2015లో కోర్టే కొట్టేసింది. ఈ రెండు పదాలు తారుమారైతే ప్రమాదం. సాకేత్ ‘కొలీజియల్లీ’ ఆడాడంటే, ఎదుటివాడి సర్వీసు బాగుందని మెచ్చుకుని బంతి వదిలేశాడని అర్థం. న్యాయమూర్తులు ‘కాలేజియేట్లీ’ నిర్ణయించారంటే, వీపు మీద నంబర్లున్న జెర్సీలు వేసుకున్నారని అర్థం.

అభిధ, లక్షణ

పదానికి నేరుగా వచ్చే అర్థం అభిధ. ‘కాలేజీకి తగిన రీతిలో’ అన్నది ఇక్కడి అభిధ. కాని అది నిలవదు. నెట్ ఎత్తు అందరికీ ఒకటే. ఫోర్‌హ్యాండ్ కాలేజీ రీతిలో కొట్టడం, కాలేజీయేతర రీతిలో కొట్టడం అని రెండు లేవు. క్రియావిశేషణం అన్నాక ‘ఎలా’ అనే ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఇది ‘ఎక్కడ’, ‘ఏ అంచెలో’ అన్నవాటికి జవాబు చెబుతోంది.

ముఖ్యార్థం కుదరనప్పుడు లక్షణ చేయాలని శాస్త్రం. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున అని చెప్పుకున్నట్టే, కాలేజియేట్లీ అంటే కాలేజీ జట్ల మధ్య జరిగే పోటీల అంచెలో అని చెప్పుకోవాలి. అమెరికాలో ఆటగాడికి మూడు అంచెలు: హైస్కూలు, కాలేజీ, ప్రొఫెషనల్. నడిమి అంచెకు పెట్టిన పేరే ఈ మాట. కొన్ని ఆటల్లో ఆ అంచెను తప్పించుకోవడం కూడా కష్టం. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి రావాలంటే హైస్కూలు దాటి మూడేళ్లు కావాలి. బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ 2006 డ్రాఫ్ట్ నుంచి 19 ఏళ్ల వయసు నిబంధన పెట్టింది. ఆ నిబంధన రాకముందు, 2003లో, లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి నేరుగా ఎన్‌బీఏకు వెళ్లాడు. అందుకే ఆయన పరిచయంలో ఈ క్రియావిశేషణానికి చోటు లేదు.

పూర్వపక్షం

ఇక్కడ ఒక శిష్యుడు లేచి అడుగుతాడు. ‘అయ్యా, కాలేజీ విద్యార్థి అయివుండి ఆడితే కాలేజియేట్లీ ఆడినట్టే గదా. ఇంత గొడవ దేనికి?’

సిద్ధాంతం

కాదు. దానికి మైకేల్ ఫెల్ప్స్ సాక్ష్యం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ తర్వాత ఆయన తన కోచ్ బాబ్ బోమన్ వెంట మిషిగన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ క్లాసుల్లో కూర్చున్నాడు, అక్కడి ఈతకొలనులోనే 2008 బీజింగ్ దాకా సాధన చేశాడు. కాలేజీ ఉంది, నీళ్లున్నాయి, ఈత ఉంది, ఈదేవాడు అంతకంటే మేలైనవాడు దొరకనంతటివాడు. అయినా ఆయన కాలేజియేట్లీ ఈదలేదు. పదహారేళ్ల వయసులో, 2001లో, స్పీడో కంపెనీతో ఒప్పందం మీద సంతకం చేయడమే కారణం. మన దగ్గర పి.వి. సింధు మెహదీపట్నం సెయింట్ ఆన్స్ కాలేజీలో చదివింది, ఆట మాత్రం గోపీచంద్ అకాడమీలో నేర్చింది. ఆమె పేరు పక్కనా ఈ మాట చేరదు.

కాలేజీ ఉన్నంత మాత్రాన క్రియావిశేషణం రాదని తేలింది. మరి ఇంకేం కావాలి? ఫెల్ప్స్‌కు లేనిదేమిటి? సంతకం చేయని చెయ్యి. అక్కడి నుంచే వ్యంజన మొదలవుతుంది.

వ్యంజన

కాలేజియేట్లీ అనే మాటకు నూరేళ్లకు పైగా పైకి చెప్పని అర్థం ఒకటుండేది: జీతం పుచ్చుకోకుండా.

విశేషాంశాలు

ఆ ధ్వనికి పుట్టుకలోనే మచ్చ ఉంది. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన తొలి క్రీడాపోటీగా చెప్పుకునేది 1852లో న్యూ హాంప్‌షైర్‌లోని విన్నిపిసాకీ సరస్సు మీద హార్వర్డ్, యేల్ జట్లు పోటీపడిన పడవ పందెం. హార్వర్డ్ గెలిచింది. కుర్రాళ్ల ప్రయాణం, బస ఖర్చు పెట్టుకున్నది ఒక రైల్వే కంపెనీ. పందెం చూడ్డానికి జనం రైలెక్కి వస్తారని దాని ఆశ. అంటే స్పాన్సర్ ముందు పుట్టాడు, ఔత్సాహిక ధర్మం తర్వాత పుట్టింది.

1869లో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్లతో కాలేజీ ఫుట్‌బాల్ మొదలైంది. ఆ ఆట ఎంత మొరటుగా మారిందంటే, ఒక్క 1905 సీజన్‌లోనే దాదాపు 18 మంది చనిపోయారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ పెద్దలను వైట్ హౌస్‌కు పిలిపించి మందలించాడు. 1906లో పలు కాలేజీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. దానికే 1910లో ఎన్‌సీఏఏ అనే పేరు వచ్చింది. ఆ పేరులోనూ మన విశేషణం ఉంది: నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్.

ఈ సంఘం రాసిన నిబంధనల గ్రంథం ముందు ధర్మశాస్త్రాలు చేతులు కట్టుకుని నిలబడాలి. సభ్య కాలేజీలను మూడు డివిజన్లు చేశారు. మూడో డివిజన్‌లో ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. మొదటి డివిజన్‌లో చాలాకాలం నడిచిన లెక్క అయిదేళ్లలో నాలుగు సీజన్లు. ఆడకుండా కూర్చున్న ఏడాదిని ‘రెడ్‌షర్ట్’ అంటారు. ఇక ఆహార నియమాలు. ఆటగాడికి చిరుతిండిగా పండ్లు, గింజలు, బేగెల్ అనే గుండ్రటి రొట్టె ఇవ్వవచ్చని ఉండేది. రొట్టె మీద క్రీమ్ చీజ్ పూస్తే అది చిరుతిండి హద్దు దాటి భోజనం కిందికి వచ్చేది. మడి కట్టుకుని వంట చేసిన ముత్తవ్వలు కూడా ఇంత సన్నగా గీత గీయలేదు. 2014లో గాని ఎన్‌సీఏఏ తిండి మీద పరిమితులు ఎత్తెయ్యలేదు.

ఆటకే స్కాలర్‌షిప్ ఇవ్వడం 1956లో అధికారికమైంది. దాదాపు ఆ రోజుల్లోనే ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే జంటపదం ప్రచారంలోకి వచ్చింది. కొలరాడోలో 1955లో మైదానంలో గాయపడి ఒక కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు చనిపోతే, పనిలో చనిపోయినట్టు లెక్కగట్టి పరిహారం ఇవ్వాలని అతడి భార్య కోరింది. అతడు కాలేజీకి ఉద్యోగి కాదని 1957లో రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. ఆటగాడు పనివాడు కాడు, విద్యార్థి అని గుర్తుచేయడానికే ఆ జంటపదాన్ని వాడుకలోకి తెచ్చామని, ఎన్‌సీఏఏను 1951 నుంచి 1987 దాకా నడిపిన వాల్టర్ బయర్స్ తర్వాత తన పుస్తకంలో ఒప్పుకున్నాడు.

ఇంతలో మైదానం చుట్టూ డబ్బు పెరిగింది. అలబామా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. మిషిగన్‌లో ఇంకా ఎక్కువ, లక్షా ఏడు వేల పైచిలుకు. కోచ్‌లకు కోట్లు. టీవీ హక్కులకు అంతకు మించిన కోట్లు. ఆడేవాడికి మాత్రం క్రియావిశేషణం. సదర్న్ కాలిఫోర్నియా ఆటగాడు రెజీ బుష్ 2005లో కాలేజీ ఫుట్‌బాల్ మేటి ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. అతడూ కుటుంబమూ చాటున లబ్ధి పొందారని ఎన్‌సీఏఏ తేల్చాక 2010లో దాన్ని వదులుకున్నాడు. ట్రోఫీ మళ్లీ అతడి ఇంటికి చేరింది 2024లో. ఆ పద్నాలుగేళ్లలో మారింది అతడు చేసిన పని కాదు, ఆ మాటకున్న ధ్వని.

ధ్వని భంగం

ధ్వనిని కొందరు ఆలంకారికులు ఖండిస్తారు. ఈ ధ్వనిని మాత్రం కోర్టులు ఖండించాయి. ఎడ్ ఒబానన్ 1995లో యూసీఎల్ఏ జట్టుకు బాస్కెట్‌బాల్ టైటిల్ తెచ్చినవాడు. ఏళ్ల తర్వాత ఒక వీడియో గేమ్‌లో తన పోలికలతో ఆడుతున్న బొమ్మ కనిపించింది. దానికి అతడికి ముట్టింది సున్నా. 2009లో దావా వేశాడు, 2014లో తీర్పు అతడివైపు వచ్చింది. 2021 జూన్ 21న ఆల్‌స్టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పారు. అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం అమ్ముకుని ప్రకటనల సొమ్ము తీసుకోవడానికి దారి తెరుచుకుంది. 2025 జూన్ 6న ఆమోదం పొందిన ‘హౌస్’ కేసు ఒప్పందంతో మిగిలిన తెర కూడా పోయింది. పాత ఆటగాళ్లకు బకాయిల కింద సుమారు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. కాలేజీలు నేటి ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వవచ్చు. తొలి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఇంత జరిగినా పదం అక్షరం మారలేదు. టైగర్ వుడ్స్ కాలేజియేట్లీ ఆడాడు, ఈ ఏడాది లక్షల డాలర్ల ఒప్పందంతో మైదానంలో దిగినవాడూ కాలేజియేట్లీనే ఆడుతున్నాడు.

ప్రయోగ నియమాలు

ఆడు, పోటీపడు, ఈదు, పరుగెత్తు, కోచ్‌గా పనిచేయు అనే క్రియలతో ఈ పదం చక్కగా కలుస్తుంది. ‘ప్రొఫెషనల్లీ’ అనే మాట పక్కనే ఉంటే మరీ కుదురుగా కూర్చుంటుంది, ముందు ఇది, తర్వాత అది. కాలేజీ కడుపున పుట్టిన ఈ క్రియావిశేషణం ‘చదువు’ అనే క్రియతో మాత్రం జతకట్టదు. కాలేజియేట్లీ చదివాడని ఏ అమెరికన్ స్పోర్ట్స్ రిపోర్టరూ రాయడు.

తెలుగులో అన్వయం

తెలుగు వాడుక ఈ చిక్కును ప్రత్యయం లేకుండానే దాటింది. ‘వాడు యూనివర్సిటీకి ఆడాడు’, ‘సౌత్ జోన్ ఆడాడు’, ‘నేషనల్స్ ఆడాడు’ అంటారు గ్రౌండ్ దగ్గర. అంచె పేరునే కర్మగా పెట్టి క్రియను నేరుగా తగిలించడం. ఇందులో ‘లీ’ లేదు, ‘గా’ లేదు, అర్థంలో లోటూ లేదు. అంచె కూడా కల్పితం కాదు. విశ్వవిద్యాలయాల మధ్య క్రికెట్‌కు రోహింటన్ బారియా ట్రోఫీ 1935-36 నుంచి ఉంది. మొత్తం క్రీడల్లో మేటి విశ్వవిద్యాలయానికి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ట్రోఫీ 1956-57 నుంచి ఇస్తున్నారు. లేనిది లక్షమంది కూర్చునే స్టేడియం. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో, లిఫ్ట్ పక్కన కెమిస్ట్రీ ల్యాబ్ పెట్టుకున్న జూనియర్ కాలేజీలో చదివిన పిల్లవాడికి ‘కాలేజీ గ్రౌండ్’ అనే సమాసమే విడదీసి చెప్పాల్సి వస్తుంది.

వ్యంజన కూడా ఇక్కడ అడ్డం తిరుగుతుంది. అక్కడ కాలేజీ ఆట అంటే జీతం లేకుండా అని ధ్వని. ఇక్కడ యూనివర్సిటీకి ఆడాడంటే జీతం కోసం అని ధ్వని. ఆ సర్టిఫికెట్ జిరాక్స్ తీసి, గెజిటెడ్ సంతకం పెట్టించి, రైల్వేలోనో పోలీసు శాఖలోనో స్పోర్ట్స్ కోటాకు జతచేయాలి. సర్టిఫికెట్ మీద ‘పాల్గొనెను’ అని ఉందా, ‘స్థానం పొందెను’ అని ఉందా అన్నదాని మీద మామలూ బాబాయిలూ చేసే చర్చ ఏ వ్యాకరణ శాస్త్రానికీ తీసిపోదు.

తాత్పర్యం

మూలవాక్యాన్ని స్పోర్ట్స్ పేజీకి దించాలంటే తారీఖు చూసుకోవాలి. 2021కి ముందు ఆడినవాడైతే: ‘అతడు అలబామా విశ్వవిద్యాలయ జట్టులో, తన పేరు మీద సంపాదించకూడదనే షరతుతో, కాలేజీల పోటీల్లో ఆడాడు.’ 2025 జూలై తర్వాత దిగిన అమెరికన్ అయితే: ‘అలబామా విశ్వవిద్యాలయం డబ్బిచ్చి ఆడించుకుంది.’

మూడో పాఠం ఇంకా ఉంది. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వెళ్లి అదే టెన్నిస్ జట్టులో చేరిన కుర్రాడి దగ్గర ఉండేది ఎఫ్-1 వీసా. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలు, అదీ క్యాంపస్‌లోనే పని చేసుకోమంటుంది ఆ వీసా. ప్రకటనల ఒప్పందమో, కాలేజీ పంచే సొమ్మో తీసుకుంటే అది అనుమతిలేని ఉద్యోగం కిందికి వస్తుందేమోనని విశ్వవిద్యాలయాల్లో అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులు హెచ్చరిస్తూ ఉంటాయి. డబుల్స్‌లో అతడి పక్కన నిలబడే అమెరికన్ కుర్రాడికి ఆ బెడద లేదు. ఒకే కోర్టు, ఒకే జెర్సీ, ఒకే క్రియావిశేషణం. తెలుగువాడి విషయంలో మాత్రం వ్యాఖ్యాత పాత ధ్వనిని కొట్టెయ్యకుండా ఉంచాడు: కాలేజియేట్లీ = జీతం పుచ్చుకోకుండా.